గోల్డ్ ఫిష్ నీటి పరీక్ష: స్ట్రిప్పులా, చుక్కల కిట్టా?

గోల్డ్ ఫిష్ పైకొచ్చి నోరు తెరిచి గాలి మింగుతున్నా, రెక్కల్లో ఎర్రటి చారలు కనిపిస్తున్నా, మందు కొనేముందు నీళ్లు పరీక్షించాలి. ఇంట్లో చేసుకోవడానికి రెండు దారులు: కాగితపు స్ట్రిప్పులు, చుక్కల కిట్.

స్ట్రిప్ ముంచి తీస్తే కాసేపట్లోనే రంగులు తేలతాయి. పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం), అమోనియా మారి ఏర్పడే నైట్రైట్, నైట్రేట్ అన్నీ ఒకేసారి. వారానికోసారి చూసుకోవడానికి హాయి. కానీ చాలా స్ట్రిప్పుల్లో అమోనియా (చేప వ్యర్థాల నుంచి పుట్టే విషం) చూపే గడే ఉండదు! గోల్డ్ ఫిష్‌ను ముందు దెబ్బతీసేది అదే. పైగా మూత సరిగా పెట్టకపోతే తేమకి పాడవుతాయి. ఒక వానాకాలం మా ఇంట్లో డబ్బా మొత్తం అలాగే పోయింది.

చుక్కల కిట్‌కి ఓపిక కావాలి. గాజు గొట్టంలో 5 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, కిట్‌లోని పరీక్ష ద్రవం సీసాను నిటారుగా తలకిందులు చేసి చుక్కలు లెక్కపెట్టి వేసి, కుదిపి, 5 నిమిషాలు ఆగాలి. అమోనియా లేకపోతే పసుపుగానే ఉంటుంది, ఆకుపచ్చకి తిరిగితే ఉన్నట్టే. పగటి వెలుతురులో, తెల్ల కాగితం ముందు పెట్టి చూడండి. కిట్‌లోని రంగుల కార్డుతో పోల్చగా వచ్చిన అంకెను పీహెచ్‌తో కలిపి చదవాలి. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే, అదే అమోనియాలో విషంగా పనిచేసే భాగం దాదాపు 10 రెట్లవుతుంది.

చేప నలతగా ఉంటే నేను చుక్కల కిట్‌నే నమ్ముతాను. ఆకుపచ్చ కనబడితే ఆరోజు మేత ఆపి, క్లోరిన్ తీసిన నీళ్లతో సగం మారుస్తాను. అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా వచ్చాకే వేరే జబ్బు వెతుకుతాను. ఒంటిమీద ఉప్పురవ్వల్లాంటి తెల్లచుక్కలుంటే మాత్రం అది పరాన్నజీవి పని, దానికి మందు వేయాల్సిందే.