కాలనీ జీవుల స్లైడ్ల పెట్టె: ఒబీలియా బాగుంది, బుగులాతో జాగ్రత్త

తిరుపతి ల్యాబ్ సామాన్ల షాపులో జువాలజీ ప్రాక్టికల్స్ కోసం అమ్మే పది స్లైడ్ల పెట్టె ఇది. ఒబీలియా (సముద్రంలో కొమ్మల్లా కాలనీగా పెరిగే చిన్న జీవి, హైడ్రాయిడ్ రకం) స్లైడ్ నిజంగా మేలు రకం. రంగు సమంగా పట్టింది. 10ఎక్స్ ఆబ్జెక్టివ్ కిందే పాలిప్ (కాలనీలోని ఒక్కో చిన్న జీవి) చుట్టూ గాజు గంట లాంటి తొడుగు హైడ్రోథీకా, దాని కాడ మీద వలయాలు తేటగా కనపడతాయి. సెర్టులేరియా అనే మరో హైడ్రాయిడ్‌కి ఆ కాడ ఉండదు, థీకాలు (ఆ తొడుగులు) కొమ్మకే అతుక్కుని జంటలుగా ఉంటాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఇక తికమకపడరు.

తంటా అంతా ఆరో స్లైడ్‌తోనే. లేబుల్ మీద ‘ఒబీలియా కాలనీ’ అని ఉంది గానీ లోపలున్నది బుగులా. అది బ్రయోజోవా అనే గుంపులోది, అసలు ఫైలమే (జంతువుల పెద్ద విభాగమే) వేరు! గదులు రెండు వరుసల్లో ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి, అంచుల్లో పక్షి ముక్కుల్లాంటి అవిక్యులేరియాలు. హైడ్రాయిడ్‌లో ఈ ముక్కులు ఎంత వెతికినా దొరకవు. లేబుల్ నమ్మి రికార్డులో బొమ్మ గీశారో, మార్కులు పోయినట్టే. డబ్బులిచ్చే ముందే ఆ స్లైడ్ మార్పించుకోండి.

పెన్నాటులా (ఈకలా కనిపించే ‘సీ పెన్’ అనే కాలనీ జీవి) విడిగా సీసాలో ఇస్తారు. అందులో ద్రవం ఏమిటో తప్పకుండా అడగండి. బఫర్ కలపని ఫార్మలిన్ పోనుపోను ఆమ్లంగా మారి కండలో ఉండే స్క్లెరైట్లనే సన్నని సున్నపు ముక్కలను కరిగించేస్తుంది, అవి పోతే జాతి తేల్చడం కష్టం. 70 శాతం ఆల్కహాల్‌లో ఉన్నదే తీసుకోండి. గోరంత ముక్క మీద రెండు చుక్కలు బ్లీచ్ వేసి, కండ కరిగాక నీళ్లతో కడిగితే స్క్లెరైట్లు మిగలాలి.

పగడం, సీ ఫ్యాన్ ముక్కలు పెట్టెలో లేవు. అదే మంచిది, అవి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో, అంటే అత్యధిక రక్షణ ఉన్న జాబితాలో, ఉన్నాయి.