కోట్ల కొద్దీ చిన్న ఫైళ్లకు ఎక్స్‌ఎఫ్ఎస్: కొన్నేళ్లు వాడాక

ఈ సర్వర్‌కి ఉన్నది ఒకటే పని. ఒక కేటలాగ్ సైట్ థంబ్‌నెయిల్ బొమ్మలు దాచిపెట్టి, అడిగినప్పుడు ఇవ్వడం. ఒక్కో ఫైలు మూడు కేబీ నుంచి పది కేబీ దాకా ఉంటుంది. సంఖ్య మాత్రం కోట్లలో. ఇలాంటి చోట డిస్క్ ఎన్ని టీబీలన్నది తర్వాతి మాట, ఎన్ని ఫైళ్లు పడతాయన్నదే ముందు చూసుకోవాలి.

మొదట్లో ఇదంతా డిఫాల్ట్ సెట్టింగ్‌లతో ఈఎక్స్‌టీ4 అనే ఫైల్‌సిస్టమ్ (డిస్క్ మీద ఫైళ్లను సర్దే పద్ధతి) మీద నడిచేది. ఒకరోజు ఉన్నట్టుండి అప్‌లోడ్లు ఆగిపోయాయి. లాగ్ నిండా 'నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్'. ఖాళీ చూపించే డీఎఫ్ కమాండ్ కొడితే డిస్క్ సగం ఖాళీ! డీఎఫ్ మైనస్ ఐ కొడితే అసలు సంగతి బయటపడింది, ఐనోడ్లు (ఫైలుకొకటి చొప్పున దాని వివరాలుండే స్లాట్లు) 100 శాతం వాడేశాం. ఈఎక్స్‌టీ4 ఫార్మాట్ రోజే ప్రతి 16,384 బైట్లకు ఒక ఐనోడ్ లెక్కన రాసిపెట్టేస్తుంది. 1 టీబీకి సుమారు 6.7 కోట్లు. ఫంక్షన్ హాల్లో కుర్చీలు ముందే లెక్కపెట్టి వేసేసినట్టు, ఆ తర్వాత ఎంత చోటున్నా కొత్తవాళ్లు నిలబడాల్సిందే. వాల్యూమ్ పెంచితే ఐనోడ్లూ పెరుగుతాయి కానీ, ఉన్న సైజులోనే ఎక్కువ కావాలంటే మళ్లీ ఫార్మాట్ తప్పదు.

ఫార్మాట్ చేసే ఎమ్‌కేఎఫ్ఎస్ కమాండ్‌కి మైనస్ ఐ 4096 (4,096 బైట్లకు ఒక ఐనోడ్) ఇచ్చి ఈఎక్స్‌టీ4లోనే ఉండిపోవచ్చు. అప్పుడు 1 టీబీకి 26.8 కోట్ల ఐనోడ్లు వస్తాయి. కాకపోతే ఒక్కోటి 256 బైట్లు, అంటే ఒక్క ఫైలైనా పెట్టకముందే 64 జీబీ వాటికే పోతుంది. ఫైళ్ల సంఖ్య ముందే తెలిస్తే ఇది మంచి దారే. మాకు తెలియదు. అందుకే ఎక్స్‌ఎఫ్ఎస్ అనే మరో ఫైల్‌సిస్టమ్‌కి మారాం.

ఇందులో ఐనోడ్లు అవసరమైనప్పుడు పుడతాయి. వాటికో గరిష్ఠ పరిమితి ఉంది, 1 టీబీ లోపు వాల్యూమ్‌లో 25 శాతం, 50 టీబీ లోపు 5 శాతం, ఆపైన 1 శాతం. చాలకపోతే మౌంట్ అయి (వాడకంలో) ఉండగానే మార్చుకోవచ్చు. మాకు ఇంతవరకూ ఆ అవసరం రాలేదు. చిన్న ఫైళ్లు సృష్టించడంలో, తుడిచేయడంలో ఎక్స్‌ఎఫ్ఎస్ నత్తనడక అని పాతవాళ్లు ఇప్పటికీ అంటుంటారు. డిలేయ్డ్ లాగింగ్ (మార్పుల నమోదును మెమరీలో పోగుచేసి ఒక్కసారిగా రాసే పద్ధతి) రాకముందు అది నిజమే. 2011లో వచ్చిన 2.6.39 లైనక్స్ కెర్నెల్ నుంచి అది డిఫాల్ట్ అయిపోయింది. మా వాడకంలో ఆ బాధ కనిపించలేదు.

ఫైల్‌సిస్టమ్ మార్చడం కన్నా ఎక్కువ తేడా చూపించింది మాత్రం డైరెక్టరీల అమరిక. అన్నీ ఒకే ఫోల్డర్‌లో పోసి ఉంచితే జాబితా చూపే ఎల్ఎస్ కమాండ్ కొట్టి టీ తాగి రావచ్చు, ఎందుకంటే అది మొత్తం చదివి, వరుసలో పెట్టి, అప్పుడు గానీ చూపించదు. స్టార్ పెట్టి తుడిచే కమాండ్ ఆర్ఎమ్ కొడితే 'ఆర్గ్యుమెంట్ లిస్ట్ టూ లాంగ్' అని తిప్పికొడుతుంది. ఫైలు పేరు హాష్‌లో (పేరు నుంచి లెక్కగట్టిన, 16 రకాల అక్షరాల కోడ్) మొదటి రెండక్షరాలు ఒక ఫోల్డర్, తర్వాతి రెండు దాని లోపలి ఫోల్డర్‌గా విడగొట్టాం. 256 ఇంటూ 256, మొత్తం 65,536 ఫోల్డర్లు. ఆరున్నర కోట్ల ఫైళ్లున్నా ఒక్కోదాంట్లో వెయ్యికి అటూఇటూ. ఇది ఏ ఫైల్‌సిస్టమ్‌కైనా హాయి.

నోఎటైమ్ (ఫైలు చదివిన సమయం రాయొద్దనే సెట్టింగ్) గురించి జనం గొప్పగా చెబుతారు. పెట్టండి, నష్టం లేదు. కానీ ఆ సమయాన్ని అరుదుగానే రాసే రెల్‌ఎటైమ్ ఎప్పటినుంచో డిఫాల్ట్‌గా ఉంది కాబట్టి పెద్ద మార్పు కనిపించదు. 4 కేబీ బ్లాకుల్లో 1 కేబీ ఫైలు పెట్టినా 4 కేబీ తినేయడం ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్ఎస్ రెండింటిలోనూ ఉన్న జాడ్యమే. ఫైళ్ల చివరి ముక్కలను కలిపి సర్దే రైజర్‌ఎఫ్ఎస్ ఫైల్‌సిస్టమ్‌ని 6.13 కెర్నెల్‌లో తీసేశారు. బీటీఆర్ఎఫ్ఎస్ అనే మరో ఫైల్‌సిస్టమ్ చిన్న ఫైళ్లను మెటాడేటాలోనే (ఫైళ్ల వివరాలుండే చోట) ఇముడుస్తుంది, అయితే డిఫాల్ట్‌గా 2,048 బైట్ల దాకానే, మా బొమ్మలకు అది పనికిరాదు.

అసలు టెన్షన్ బ్యాకప్. మారిన ఫైళ్లను కాపీ చేసే ఆర్‌సింక్ ప్రతి ఫైలునూ ఒక్కొక్కటిగా పలకరిస్తుంది. మారినవి పిడికెడే అయినా కోట్ల ఫైళ్లూ తిరిగి రావాల్సిందే, హార్డ్ డిస్కుల మీద ఆ రాత్రంతా సైట్ ఈడుస్తూ నడిచేది. ఎక్స్‌ఎఫ్ఎస్ సొంత బ్యాకప్ టూల్ ఎక్స్‌ఎఫ్ఎస్‌డంప్ ఫోల్డర్లు పట్టుకుని తిరగదు, ఐనోడ్ల వరుసలో చదువుకుంటూ పోతుంది. మాకు బాగా కలిసొచ్చింది ఇదే. కాకపోతే అందులోంచి ఒకే ఒక్క ఫైలు వెనక్కి తీయాలంటే విసుగు పుడుతుంది.

ఎక్స్‌ఎఫ్ఎస్ మీద నా ఫిర్యాదులు రెండు. వాల్యూమ్‌ని పెంచగలం గానీ తగ్గించలేం, ఈఎక్స్‌టీ4లో అన్‌మౌంట్ చేసి తగ్గించుకోవచ్చు. రెండోది, ఇన్ని ఫైళ్లున్నప్పుడు ఎక్స్‌ఎఫ్ఎస్ రిపేర్‌కి ర్యామ్ బాగా కావాలి. అందుకే ర్యామ్ తక్కువున్న చిన్న వీపీఎస్ (అద్దె వర్చువల్ సర్వర్) అయితే ఇప్పటికీ మైనస్ ఐ ఇచ్చి ఈఎక్స్‌టీ4నే వేస్తున్నాను.