ముందు చలి, వెనక ఉక్క

ఈ బండి ఇంజను గురించీ, బురదలో దాని పట్టు గురించీ చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను చెప్పబోయేది వెనక ఏసీ గురించి మాత్రమే. పన్నెండేళ్లుగా మూడు వరుసల సీట్లున్న ఈ పాత ఫోర్‌వీల్ డ్రైవ్‌ను నడుపుతున్నాను. అందులో రెండు వేసవులు ఆ వెనక ఏసీ నా ప్రాణం తోడేసింది.

కొన్న కొత్తలో కనబడినవాళ్లందరికీ దాన్ని పొగిడేవాణ్ణి. వెనక వరుసల కోసం విడిగా కూలింగ్ కాయిల్, విడిగా బ్లోయర్, పైకప్పులోంచి గాలి, చేతికందే దూరంలో సొంత స్విచ్. ఇప్పటి బండ్లలో చాలావాటికి వెనకవైపు ఉండేది ముందునుంచి వచ్చిన గాలిని ఊదే గొట్టం మాత్రమే. నా బండిలో నిజమైన రెండో ఏసీ ఉందని గొప్ప. కానీ గ్యాస్‌ను ఒత్తి తిప్పే కంప్రెసర్ ఒక్కటే, దాని వేడిని బయటికి వదిలే కండెన్సర్ ఒక్కటే అన్న సంగతి ఆ పొగడ్తలో ఎప్పుడూ చెప్పేవాణ్ణి కాదు. రెండు కాయిళ్లూ ఆ ఒక్క కంప్రెసర్ కష్టాన్నే పంచుకోవాలి.

ఒక మే నెల మధ్యాహ్నం మూడో వరుసలోంచి మా అమ్మాయి అంది: "నాన్నా, గాలి వస్తోంది గానీ చల్లగా లేదు." ముందు కూర్చున్న మాకు మోచేతులు గడ్డకడుతున్నాయి. నేను వెనక్కి తిరగకుండానే "స్పీడు పెంచు" అన్నాను. పెంచింది. వేడిగాలి ఇంకాస్త జోరుగా వచ్చింది.

మొదటి మెకానిక్ గ్యాస్ పట్టించాడు. నెల తర్వాత రెండో ఆయన ఇంకొంచెం పట్టించాడు. "వెనక పైపు పొడవు కదండీ, అందుకే చాలడం లేదు" అన్నాడు. వినడానికి బాగానే ఉంది. ఫలితం ఏమిటంటే వెనక ఉక్క అలాగే ఉంది, ముందు చలి కూడా పోయింది. బండి కదలకుండా నిలబడితే చాలు, కంప్రెసర్ ఆగిపోయి, కాసేపటికి మళ్లీ అందుకునేది. గ్యాస్ ఎక్కువైతే కండెన్సర్‌లో పీడనం పెరిగిపోతుంది, కంప్రెసర్‌ను కాపాడటానికి ప్రెజర్ స్విచ్ దాన్ని ఆపేస్తుంది. బానెట్ కింద స్టిక్కర్ మీద ఎన్ని గ్రాములు నింపాలో అచ్చువేసి ఉంది. రెండు ఏసీలున్న బండికి వేరే అంకె, ఒకటే ఉన్న బండికి వేరే అంకె. ఆ ఇద్దరిలో ఎవరూ దాన్ని చదవలేదు. నేనూ చదవలేదు, అది వేరే సంగతి.

మూడో చోట పని పద్ధతిగా చేశారు. గ్యాస్ మొత్తం తీసి, వాక్యూమ్ చేసి, తూకం ప్రకారం నింపారు. ముందు మళ్లీ చలి మొదలైంది, వెనక మాత్రం మార్పు లేదు. అప్పుడు కాయిల్‌లోకి గ్యాస్‌ను కొలిచి వదిలే వెనక ఎక్స్‌పాన్షన్ వాల్వ్ పూడుకుపోయిందన్నారు. అది మార్చాలంటే గ్యాస్ మళ్లీ తీయాలి, లోపలి తేమ పీల్చే డ్రయ్యర్ కూడా మార్చాలి. సరేనన్నాను. మార్చారు. తీసిన వాల్వ్‌ను నా చేతిలో పెట్టారు. ఊది చూస్తే శుభ్రంగా ఉంది. ఆ క్షణంలోనే నాకు అనుమానం వచ్చి ఉండాలి. రాలేదు. ఆ తర్వాత ఏడాదంతా వెనక కిటికీలు తెరుచుకుని తిరిగాం.

తర్వాతి వేసవిలో ఒక ఆదివారం వెనక కుడి ప్యానెల్ నేనే ఊడదీశాను. లోపల నల్లటి డబ్బాలో కూలింగ్ కాయిల్ ఉంటుంది. దాంట్లోకి ఒక సన్న పైపు, బయటికి ఒక లావు పైపు. ఏసీ సరిగా పనిచేస్తుంటే సన్న పైపు గోరువెచ్చగా, లావు పైపు చల్లగా, ఒళ్లంతా చెమట పట్టినట్టు తడిగా ఉండాలి. రెండింటినీ చెరో చేత్తో పట్టుకున్నాను. రెండూ ఒక్కలాగే, బయటి ఎండంత వేడిగా ఉన్నాయి. అంటే గ్యాస్ లోపలికి రావడమే లేదు. కాయిల్ పూడినా, వాల్వ్ సగం మూసుకున్నా ఎంతో కొంత తేడా తెలియాలి కదా.

సన్న పైపు దారిలో వేలెడంత సొలినాయిడ్ వాల్వ్ ఒకటి ఉంది. వెనక స్విచ్ వేస్తేనే తెరుచుకుని గ్యాస్‌ను వెనక్కి వదిలే కాపలాదారు అది. అన్ని బండ్లలోనూ ఉండదు, నా బండిలో ఉంది. స్విచ్ వేసినప్పుడు "టిక్" అనాలి. చెవి ఆనించి విన్నాను, ఏమీ వినబడలేదు. ప్లగ్ పీకి మల్టీమీటర్ పెడితే పదమూడు వోల్టులకు పైనే చూపించింది. కరెంటు వస్తోంది, కాబట్టి వాల్వే పోయిందని దాదాపు తేల్చేశాను. మూడో చోటి మెకానిక్ కూడా ఇక్కడే మీటర్ పెట్టి "వైరింగ్ బాగుందండి" అన్న సంగతి గుర్తుంది.

ఎందుకో, ప్లగ్‌ను తిరిగి తగిలించి, వెనకనుంచి సూదులు గుచ్చి మళ్లీ కొలిచాను. ఐదు వోల్టులు. ప్లగ్ పీకితే పదమూడు, తగిలిస్తే ఐదు. ఈ తేడా కోసమే నేను ఏడాది ఉక్కలో తిరిగింది. దారిలో ఎక్కడో తుప్పు ఉంటే, కరెంటు పారనంతసేపూ మీటర్‌కు అంతా బాగున్నట్టే కనబడుతుంది. ప్లగ్ తగిలించి సొలినాయిడ్ వాల్వ్‌లోకి కరెంటు పారడం మొదలవగానే ఆ తుప్పు దగ్గర వోల్టేజీ పడిపోతుంది. మిగిలిన ఐదు వోల్టులకు ఆ వాల్వ్ తెరుచుకోదు. ఉత్త ప్లగ్‌లో మీటర్ పెట్టి చూసే పరీక్షను అప్పటినుంచి నేను నమ్మను.

బ్యాటరీ నుంచి ఫ్యూజు పెట్టిన వైరుతో నేరుగా కరెంటు ఇచ్చాను. "టిక్" అంది. రెండు నిమిషాలు కాకముందే లావు పైపు మీద సన్నటి నీటి పొర, తర్వాత చుక్కలు. ఆ పైపును నేను ఎంతసేపు పట్టుకుని కూర్చున్నానో మా ఆవిడను అడిగితే చెబుతుంది.

తుప్పు దొరికింది. వాల్వ్ నుంచి కరెంటు తిరిగి వెళ్లే ఎర్త్ వైరును డబ్బా కింద నేల రేకుకు ఒక స్క్రూతో బిగించారు. దాని చుట్టూ రేకు ఎర్రగా పొరలు పొరలుగా లేచింది, వైరు కొసన చిలుము. బ్లోయర్ ఎర్త్ మాత్రం పైన, పొడిగా ఉన్న చోట. అందుకే గాలి ఏనాడూ ఆగలేదు, నాకు అనుమానమూ రాలేదు. మరి నేలమీదికి నీళ్లెలా వచ్చాయి? కాయిల్ నుంచి కారే నీరు పోవడానికి ఒక రబ్బరు గొట్టం నేలలోంచి కిందికి దిగుతుంది. దాని మూతి వెనక చక్రం వెనకాలే. చక్రం చిమ్మిన బురదంతా అక్కడే పేరుకుని ఎండి గట్టిపడింది. బండి కిందికి దూరి, తీగతో పొడిస్తే మొదట నల్లటి ముద్ద ఊడిపడింది, వెంటనే నిల్వ నీళ్లన్నీ నా చొక్కా మీద. వాగులూ బురదా దాటడానికే పుట్టిన బండికి ఆ గొట్టం మూతి అక్కడ పెట్టిన మహానుభావుడెవరో!

లక్షణాలు ముందే కనబడ్డాయి. వెనక ఏసీ చెడడానికి ముందటి వేసవిలో మూడో వరుస కింద కార్పెట్ తడిగా ఉండేది, ముక్కిపోయిన వాసన వచ్చేది. పిల్లల నీళ్ల సీసా మూత మీద నెపం వేశాను. ఏసీ వేసి నిలబెట్టినప్పుడు బండి కింద రెండు చోట్ల నీళ్లు కారాలి, ముందొకటి, వెనకొకటి. నా బండి కింద ఒక్కటే మడుగు. చూశాను, పట్టించుకోలేదు.

రేకు గీకి, వైరుకు కొత్త కొస వేసి, పైన పొడి చోట బిగించాను. అయిదేళ్లయింది, మళ్లీ ఆ బాధ లేదు. అయితే వెనక ఏసీ జోలికి మళ్లీ వెళ్లలేదంటే అబద్ధమవుతుంది. రెండేళ్ల కిందట గ్యాస్ నిజంగానే కారింది. కింద అల్యూమినియం పైపును పట్టి ఉంచే క్లాంపు రబ్బరులో బురద ఇరుక్కుని పైపును తినేసింది. చుట్టూ జిడ్డు, ఆ జిడ్డుకు అంటుకున్న దుమ్ము. గ్యాస్‌తోపాటు నూనె కూడా బయటికి వస్తుంది కాబట్టి ఆ మరక చూడగానే తెలిసిపోతుంది. ఆ ముక్క మార్చాక బాగుంది. ఇక వెనక హీటర్ కూడా ఉన్న బండ్లలో వేడినీళ్ల వాల్వ్ సరిగా మూసుకోకపోయినా వెనక గాలి గోరువెచ్చగానే వస్తుంది. నా బండిలో ఆ హీటర్ లేదు, ఒక అనుమానం తగ్గింది.

పన్నెండేళ్ల కిందటి పొగడ్తను ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి. వెనక ఏసీ వేస్తే, బండి నిలబడి ఉన్నప్పుడు ముందు చలి కొంచెం తగ్గుతుంది. ఎండలో నిలిపిన బండిలో మూడో వరుస చల్లబడటానికి పది పదిహేను నిమిషాలు పడుతుంది. నిండా జనంతో ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజను వేడి ముల్లు మీద కన్నేసి, అవసరమైతే వెనక స్విచ్ ఆపేస్తాను. పైకప్పు గాలి తిన్నగా నెత్తి మీద పడుతుందని మా అమ్మ మూడేళ్లుగా రెండో వరుసలో పక్కకు జరిగి కూర్చుంటోంది.

ఇలాంటి బండి కొనాలా అంటే, నాకు సరిపోయింది. మూడో వరుస నిండేది ఏడాదికి నాలుగైదుసార్లే, ప్యానెల్ ఊడదీసే ఓపికా మల్టీమీటరూ ఇంట్లో ఉన్నాయి. రోజూ ఏడుగురిని తిప్పాల్సిన ఇంటికి ఇదే మాట చెప్పలేను. కొనేవాళ్లు మాత్రం రెండు ఏసీలూ వేసి, పావుగంట ఆగి, వంగి బండి కింద చూడండి. రెండో మడుగు ఉందో లేదో. నేనైతే ప్రతి వానాకాలం తర్వాతా ఆ గొట్టంలో తీగ దూరుస్తాను, లోపల ఎర్త్ కూడా ఒకసారి చూసుకుంటాను. అందుకే ఆ ప్యానెల్‌కు ఉండాల్సిన ఆరు స్క్రూల్లో మూడే బిగించి ఉంచాను.