ఎన్‌ఎల్‌ఏ: లాగిన్ తెర కంటే ముందే పాస్‌వర్డ్ అడిగే రిమోట్ డెస్క్‌టాప్, దీర్ఘకాల వాడకం తర్వాత

విండోస్‌లో రిమోట్ డెస్క్‌టాప్ (దూరం నుంచి ఇంకో కంప్యూటర్‌ను వాడే సదుపాయం) ఆన్ చేసే చోటే కనిపించే నెట్‌వర్క్ లెవెల్ అథెంటికేషన్ (ఎన్‌ఎల్‌ఏ) అనే టిక్ విస్టా, సర్వర్ 2008 కాలం నుంచీ ఉంది. సర్వర్ల మీద, మామూలు పీసీల మీద ఏళ్ల తరబడి వాడాక ఏర్పడిన అభిప్రాయం ఇది: ఆ టిక్ ఎప్పుడూ తీయొద్దు. అది ఉంది కదా అని రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టును ఇంటర్నెట్‌కు తెరిచీ పెట్టొద్దు.

ఎన్‌ఎల్‌ఏ లేకపోతే, వచ్చింది ఎవరైనా సరే, సర్వర్ ముందుగా సెషన్ తయారుచేసి, లాగిన్ తెర చూపించి, ఆ తర్వాతే పాస్‌వర్డ్ అడుగుతుంది. మెమరీ ఖర్చు సంగతి అటుంచితే, ఆ తెర వెనకున్న కోడంతా ముక్కూమొహం తెలియనివాడికి అందుబాటులోకి వస్తుంది. ఎన్‌ఎల్‌ఏ ఉంటే మొదట టీఎల్‌ఎస్ (గుప్తీకరించిన) కనెక్షన్, దాని లోపల క్రెడ్‌ఎస్‌ఎస్‌పీ (లాగిన్ వివరాలు అవతలికి చేర్చే పద్ధతి) ద్వారా, విండోస్ ధ్రువీకరణ పద్ధతులైన కెర్బెరోస్‌తోనో ఎన్‌టీఎల్‌ఎంతోనో పరీక్ష జరుగుతాయి. అందులో నెగ్గితేనే సెషన్. 2019 మేలో బయటపడిన బ్లూకీప్ లోపం విండోస్ 7, సర్వర్ 2008 ఆర్2 లాంటి పాత వ్యవస్థల మీద పాస్‌వర్డ్ లేకుండానే కోడ్ నడపనిచ్చేది. ఎన్‌ఎల్‌ఏ ఉన్న యంత్రం మీద మాత్రం దాడి చేసేవాడి చేతిలో ముందు సరైన ఖాతా ఒకటి ఉండాల్సి వచ్చింది. ప్యాచ్‌కు అది బదులు కాదు, కానీ ప్యాచ్ వేసేదాకా ఎంతో కాపాడింది.

ఒక్క యంత్రానికైతే సిస్టమ్ ప్రాపర్టీస్‌లో రిమోట్ ట్యాబ్ చాలు. ఎక్కువ యంత్రాలుంటే, వాటన్నిటి సెట్టింగ్‌లనూ ఒకేచోట నుంచి పెట్టే గ్రూప్ పాలసీలో రిమోట్ డెస్క్‌టాప్ సెషన్ హోస్ట్ కింద సెక్యూరిటీ విభాగంలో పెట్టండి. టిక్ చూసి తృప్తిపడకుండా బయటి నుంచి పరీక్షించాలి. ఒక ఆర్‌డీపీ ఫైల్‌ను (రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్ సెట్టింగ్‌లు ఉండే ఫైల్) నోట్‌ప్యాడ్‌లో తెరిచి 'ఎనేబుల్‌క్రెడ్‌ఎస్‌ఎస్‌పీసపోర్ట్' విలువను 0 చేసి కనెక్ట్ చేయండి. లాగిన్ తెర కనిపించిందంటే ఎన్‌ఎల్‌ఏ అమల్లో లేనట్టే. రిజిస్ట్రీలో ఆర్‌డీపీ-టీసీపీ కింద 'యూజర్‌అథెంటికేషన్' విలువ 1 ఉండాలి. ఎవరూ మార్చకుండా అది 0 అయిందంటే తేలిగ్గా తీసుకోవద్దు. లాగిన్ తెర నుంచే తెరవగల స్టిక్కీ కీస్ ప్రోగ్రామ్ స్థానంలో కమాండ్ ప్రాంప్ట్ దాచిపెట్టేవాళ్లకు ఆ తెర దాకా రావడం అవసరం, అందుకోసం ముందు తీసేది ఎన్‌ఎల్‌ఏనే.

ఇక ఇబ్బందులు. అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యేది గడువు తీరిన పాస్‌వర్డ్. కొత్త ఖాతా తెరిచి, మొదటి లాగిన్‌లో పాస్‌వర్డ్ మార్చాలన్న టిక్ పెడితే ఆ మనిషి ఎన్‌ఎల్‌ఏ దాటి లోపలికి రాలేడు, మార్చుకునే తెర సెషన్ మొదలయ్యాకే వస్తుంది కాబట్టి. దూరం నుంచే పనిచేసేవాళ్లకు ఆ టిక్ పెట్టకండి, లేదా పాస్‌వర్డ్ మార్చుకునే వెబ్ పేజీ ఒకటి విడిగా ఇవ్వండి. రెండోది, డొమైన్ కంట్రోలర్ (సంస్థ ఖాతాలన్నీ చూసుకునే సర్వర్) అందలేదన్న సందేశం. డీఎన్‌ఎస్ (యంత్రాల పేర్లను ఐపీ నంబర్లుగా మార్చేది) తప్పుగా ఉన్నా, యంత్రానికీ డొమైన్‌కూ నమ్మకబంధం (ట్రస్ట్ రిలేషన్‌షిప్) తెగినా ఇదే వస్తుంది. గడియారాల తేడా 5 నిమిషాలు దాటితే కెర్బెరోస్ కూడా ఒప్పుకోదు. పాత స్నాప్‌షాట్‌కు (ముందు భద్రపరచిన స్థితికి) వెనక్కి తెచ్చిన వర్చువల్ మెషీన్లలో నమ్మకబంధం తెగడం మామూలే. అందుకే ప్రతి యంత్రం మీదా వేరువేరు పాస్‌వర్డ్‌తో ఒక లోకల్ అడ్మిన్ ఖాతా ఉంచుకోవాలి. యూజర్ పేరు ముందు యంత్రం పేరు రాసి దానితో లోపలికి వెళ్లొచ్చు.

2018 మేలో వచ్చిన అప్‌డేట్ తర్వాత 'ఎన్‌క్రిప్షన్ ఒరాకిల్ రెమిడియేషన్' ఎర్రర్ చాలామందిని ఆపేసింది. రెండు వైపుల్లో ఒకవైపు క్రెడ్‌ఎస్‌ఎస్‌పీ ప్యాచ్ లేదని దాని అర్థం. క్లయింట్ రిజిస్ట్రీలో విలువ మార్చి దాటేయడం తేలికే, కానీ అలా మార్చినది ఏళ్లపాటు అలాగే మిగిలిపోతుంది. సర్వర్‌ను అప్‌డేట్ చేయడమే సరైన మందు. ఇంట్లో పీసీల దగ్గర తరచూ తికమక పెట్టేది పిన్: విండోస్ హలో పిన్ ఇక్కడ చెల్లదు, ఖాతా పాస్‌వర్డే కావాలి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో ఎప్పుడూ పిన్‌తోనే తెరిచే యంత్రమైతే, ముందు దాని ముందు కూర్చుని ఒకసారి పాస్‌వర్డ్‌తో సైన్ ఇన్ చేయాలి.

పాస్‌వర్డ్ ఊహించే దాడిని ఎన్‌ఎల్‌ఏ ఆపదు. దాడి జరుగుతోందని తెలుసుకోవడంలోనూ ఒక మెలిక ఉంది. ఎన్‌ఎల్‌ఏ దగ్గర విఫలమైన ప్రయత్నాలు విండోస్ సెక్యూరిటీ లాగ్‌లో ఈవెంట్ 4625 (విఫలమైన లాగిన్) కింద లాగాన్ టైప్ 3 (నెట్‌వర్క్ లాగిన్)గా నమోదవుతాయి. రిమోట్ డెస్క్‌టాప్ కదా అని టైప్ 10 కోసం వెతికితే ఏమీ కనిపించదు, అంతా ప్రశాంతంగా ఉందనుకుంటాం. పదిసార్లు తప్పితే పది నిమిషాలు ఖాతా లాక్ అయ్యేలా పెట్టండి. పోర్టు నంబర్ మార్చడం వల్ల లాగ్ కాస్త తగ్గుతుందంతే. వీపీఎన్ వెనకో, 443 పోర్టు మీద నడిచే ఆర్‌డీ గేట్‌వే (రిమోట్ డెస్క్‌టాప్‌కు మధ్యవర్తి సర్వర్) వెనకో పెట్టి, రెండో అంచె ధ్రువీకరణ అక్కడ అడగడమే సరైన పద్ధతి.

అడ్మిన్‌లు మరచిపోకూడనిది ఇంకొకటి ఉంది. మామూలు ఎన్‌ఎల్‌ఏలో మీ పాస్‌వర్డ్ అవతలి యంత్రానికి చేరుతుంది. ఆ యంత్రం అప్పటికే ఎవరి గుప్పిట్లోనో ఉంటే పాస్‌వర్డ్ పోయినట్టే. విండోస్ 10 1607, సర్వర్ 2016 నుంచి రిమోట్ డెస్క్‌టాప్ క్లయింట్ ఎంఎస్‌టీఎస్‌సీకి 'రిమోట్‌గార్డ్' స్విచ్ ఇచ్చి కనెక్ట్ చేస్తే పాస్‌వర్డ్ అటు వెళ్లదు. దీనికి అవతలి యంత్రంలోనూ అనుమతి పెట్టి ఉండాలి, కెర్బెరోస్ తప్పనిసరి, అది మామూలుగా యంత్రం పేరు మీదే పనిచేస్తుంది. కాబట్టి ఐపీ నంబర్ కాకుండా యంత్రం పూర్తి పేరు రాసే అలవాటు ముందు చేసుకోండి.