ఫుషిమి: సాకే కోసం వెళ్తే నీళ్లు నచ్చాయి

జపాన్‌లో క్యోటో వెళ్లినవాళ్లలో చాలామంది ఫుషిమి ఇనారి గుడిలో ఆ సిందూరం రంగు తోరణాల కింద ఫొటోలు దిగి వెనక్కి వచ్చేస్తారు. అదే కేహాన్ లైన్లో ఇంకో ఆరు స్టేషన్లు ముందుకెళ్లి చూషోజిమాలో దిగితే సాకే, అంటే బియ్యంతో చేసే జపాన్ మద్యం, తయారుచేసే పాత పేట వస్తుంది. టూరిస్టులు కొనుక్కునే జేఆర్ రైలు పాస్ ఈ లైన్లో పనికిరాదు, టికెట్ విడిగా కొనాలి.

మేం చూసింది గెక్కెయికాన్ ఓకురా మ్యూజియం. గెక్కెయికాన్ అనే ఈ సాకే కంపెనీ పుట్టింది 1637లో. మ్యూజియం నడుస్తున్న భవనం 1909 నాటిది. టికెట్ మాకు 600 యెన్లు పడింది, రుచి చూడటం కూడా అందులోనే. ఇరవై ఏళ్లు నిండనివాళ్లకు మాత్రం పోయరు.

లోపల ఆ చెక్క తొట్లు చూస్తే మన ధాన్యం గాదెలే గుర్తొచ్చాయి. బియ్యంలో ఉన్నది పిండి పదార్థం, చక్కెర కాదు. అందుకని ఆవిరి మీద ఉడికించిన అన్నానికి కోజి అనే బూజు పట్టిస్తారు. అది పిండిని చక్కెరగా మారుస్తుంటే, అదే తొట్టిలో ఈస్టు ఆ చక్కెరను ఆల్కహాల్ చేస్తూ ఉంటుంది. రెండు పనులూ ఒకేసారి. దైగింజో అనే ఖరీదైన రకానికైతే గింజను కనీసం సగం అరగదీసేస్తారు. "సగం బియ్యం తవుడు చేసుకుంటారా!" అని మా ఆవిడ అక్కడే నిలబడిపోయింది.

హాల్లో సన్నగా పాటలు వినిపిస్తుంటాయి. గడియారాలు లేని రోజుల్లో పనివాళ్లు ఏ పని ఎంతసేపు చేయాలో పాటతోనే కొలుచుకునేవారట. వీళ్లలో చాలామంది రైతులే. కోతలయ్యాక చలికాలమంతా ఇక్కడికి పనికి వచ్చేవారు. మన నాట్ల పాటలు విన్న చెవికి భాష రాకపోయినా లయ పట్టుబడుతుంది. నాకు మ్యూజియం మొత్తంలో నచ్చింది ఇదే.

చివర్లో ఒక చిన్న గ్లాసు, మూడు కాయిన్లు ఇస్తారు. మెషీన్లో కాయిన్ వేసి నచ్చిన రకం పట్టుకోవాలి. దైగింజో గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంటే మగ్గిన చక్రకేళి వాసన! బియ్యంతో చేసిందంటే నమ్మబుద్ధి కాలేదు. తియ్యటి రకం నాకు ఎక్కలేదు. తేలిగ్గా దిగుతుంది కదా అనుకోకండి, మామూలుగా 15 శాతం పైనే ఆల్కహాల్ ఉంటుంది.

ఆవరణలోని బావి నీళ్లు, మందు ముట్టని మా ఆవిడకూ నచ్చాయి. అసలు ఈ ఊరి గొప్పంతా ఆ నీళ్లదే. కోబె పక్కన నదాలో నీళ్లు గట్టివి, అంటే ఖనిజాలు ఎక్కువ, అక్కడ సాకే చురుగ్గా పులిసి ఘాటుగా వస్తుంది. ఫుషిమి నీళ్లు మెత్తన, ఖనిజాలు తక్కువ, ఇక్కడి సాకే నింపాదిగా పులుస్తుంది. అందుకే నదాది మగ సాకే, ఫుషిమిది ఆడ సాకే అంటారు. మ్యూజియం నుంచి నడిచి వెళ్లేంత దూరంలో గొకోనోమియా గుడి ఉంది. ఊరివాళ్లు డబ్బాలు తెచ్చుకుని అక్కడి ఊట నీళ్లు పట్టుకెళ్తుంటారు. మేమూ ఓ సీసా నింపుకున్నాం.

నిరాశపరిచింది పడవ. మ్యూజియం వెనక కాలవలో జిక్కొకుబునే పడవలు తిరుగుతాయని ఆశపడ్డాం. ఫిబ్రవరిలో నడవవు. తప్పు నాదే, ముందు చూసుకోలేదు. మార్చి చివర నుంచైతే పడవతో పాటు గట్టున చెర్రీ పూలూ దొరుకుతాయి.

తిండికి తిప్పలు పడ్డాం. ఒక చిన్న హోటల్లో వెజిటేరియన్ అని తెచ్చిన నూడుల్స్ రసంలో చేపల వాసన గుప్పుమంది. ముక్కలు లేకపోతే చాలు, వెజ్ అనేసుకున్నారు. శాకాహారులు "దాషి ఉందా?" అని, అంటే మామూలుగా చేపతో కాచే ఆ రసం ఉందా అని, అడిగి తీరాలి. మా ఆవిడ చివరికి కన్వీనియన్స్ స్టోర్లో ఉప్పు ఓనిగిరితో, అంటే అన్నం ముద్దతో, సరిపెట్టుకుంది.

బస ఇక్కడ అక్కర్లేదు, ఒక పూట చాలు. మేం క్యోటో స్టేషన్ దగ్గరే దిగాం. గది ఎంత ఇరుకంటే, ఒక సూట్‌కేసు తెరిస్తే రెండోది మంచం మీద పెట్టాల్సిందే. స్టేషన్ పక్కనే కాబట్టి సర్దుకున్నాం.

కొన్న సాకే సీసా చెక్-ఇన్ సామానులో భద్రంగా వచ్చింది. గొకోనోమియా నీళ్ల సీసా మాత్రం హ్యాండ్ బ్యాగులో ఉండిపోయింది. కాన్సాయ్ ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ లైన్ ముందు నిలబడి ఇద్దరం చెరి సగం తాగేశాం.