ఆక్సిజన్ మీటరు: ఎనిమిది నెలలు వాడాక

ఉక్కు దిమ్మెల్ని మళ్లీ ఎర్రగా కాల్చే మా రీహీటింగ్ ఫర్నేసు పొగ దారిలో, పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూపే జిర్కోనియా ఆక్సిజన్ మీటరు బిగించి ఎనిమిది నెలలైంది. ఐదుకి నాలుగు స్టార్లు. ఆ ఒక్కటీ ఎందుకు కోశానో కింద ఉంది.

అంతకుముందు మంట రంగు చూసి గాలి సర్దేవాళ్లం. గాలి తక్కువైతే నల్లపొగ వచ్చి చెప్పేస్తుంది. ఎక్కువైతే చెప్పే నాథుడు లేడు, మంట తళతళలాడుతూనే ఉంటుంది. మీటరు పెట్టిన రోజు పొగలో 7 శాతం ఆక్సిజన్ చూపింది. అంటే మండడానికి కావలసినదానికి ఇంచుమించు సగం గాలి అదనంగా వెళుతోందన్నమాట. గాలిలో ఐదింట నాలుగు వంతులు నైట్రోజనే. మండనూ మండదు, ఊరికే వేడెక్కి చిమ్నీలోంచి పోతుంది. పైగా మిగిలిన ఆక్సిజన్ ఎర్రగా కాలిన బిల్లెట్లను (ఉక్కు దిమ్మెలను) తిని పైన స్కేలు, అంటే తుప్పులాంటి పెచ్చు, కట్టిస్తుంది. ఇంధనమూ పాయె, ఉక్కూ పాయె.

బర్నర్ల గాలి తగ్గించాం. 5కి దిగి అక్కడే మొండికేసింది. ఇంకాస్త తగ్గిస్తే లోపల పొగ మొదలైంది గానీ అంకె పెద్దగా కదల్లేదు. మీటరే చెడిందని నేను దాన్ని తిట్టని తిట్టు లేదు. బయటి గాలి పట్టించి చూస్తే 20.9 చక్కగా చూపింది!

దొంగ బిల్లెట్లు తోసే తలుపు దగ్గర దొరికాడు. తలుపు వంగి సందు పడింది. డ్యాంపర్ (పొగ దారిని మూసి తెరిచే రేకు) మరీ తెరిచి ఉంచడంతో లోపలి పీడనం తగ్గి, ఆ సందులోంచి చల్లగాలి లాక్కుంటోంది. మీటరు ప్రోబు (పొగలోకి దూర్చిన కొలత కడ్డీ) ఆ తలుపు దాటాకే ఉంది కాబట్టి బర్నరు గాలీ దొంగగాలీ కలిపి లెక్కేస్తోంది. అంచుకు సిరామిక్ ఫైబర్ కూరి, డ్యాంపర్ కొంచెం మూసి, లోపలి పీడనం బయటికంటే పిసరంత ఎక్కువ ఉండేలా చూశాక 2.5 దగ్గర నిలిచింది.

ఇక కోసిన స్టారు సంగతి. బిగించడానికి వచ్చినవాళ్లు నిచ్చెన వేయడానికి వీలైన చోట ప్రోబు దూర్చి వెళ్లారు. అది ఎక్కడుంటే ఏం కొలుస్తుందో ఒక్క ముక్క చెప్పలేదు. పుస్తకం నిండా వైర్ల బొమ్మలే. పొగలో కాలని వాయువులుంటే మీటరులో ఆక్సిజన్ కొలిచే వేడి సెల్లు మీదే మండి ఆక్సిజన్ తక్కువ చూపిస్తుంది, అదీ అందులో లేదు. మా దుమ్ముకి ఫిల్టరు పూడుకుపోతుంటుంది. పదిహేను రోజులకోసారి విప్పి ఊదుతున్నాం, షిఫ్టు మారేటప్పుడైతే రెండు చేతులు అదనంగా దొరుకుతాయి.