అనంతపురం ఎండల్లో నాలుగేళ్ల లిక్విడ్ కూలర్: నా కోపం నీళ్ల మీద కాదు, పంపు మీద

నా కంప్యూటర్‌లోని లిక్విడ్ కూలర్, అంటే లెక్కలన్నీ చేసే చిప్ అయిన ప్రాసెసర్ వేడిని గొట్టాల్లోని ద్రవంతో మోసుకుపోయే పరికరం, 2021 ఆగస్టు నుంచి 2025 మే దాకా పనిచేసింది. అందులో మొదటి మూడున్నరేళ్లూ దాన్ని గురించి నేను మంచి మాటే చెప్పాను; నా మాట విని ఇద్దరు మిత్రులు అలాంటివే కొన్నారు కూడా. అందుకే ఇప్పుడు ఇది రాయవలసి వస్తున్నది. నీటితో చల్లబరిచే పద్ధతి మీద నాకు కోపం లేదు. నా కోపమంతా ప్రాసెసర్ మీద కూర్చునే గుండ్రటి డబ్బాలోని చిన్న పంపు మీద. మొత్తం ఏర్పాటుకు ఊపిరి అదే అయినప్పుడు, దాన్ని విప్పి చూసే వీలు గాని, అది నీరసిస్తున్నదని ముందుగా తెలిసే దారి గాని లేకుండా తయారు చేయడం కొన్నవాడికి చేసిన అన్యాయమని నేను అనుకుంటున్నాను.

నేను పోటీ పరీక్షల విద్యార్థుల కోసం పాఠాలు రికార్డు చేసి, వీడియోలుగా కూర్చి పంపుతుంటాను. అనంతపురంలో మా ఇంటి పైఅంతస్తులో, నేరుగా మిద్దె కింద ఉన్న గదే నా పనిచోటు. మైకుకూ కంప్యూటర్ క్యాబినెట్‌కూ మధ్య నాలుగు అడుగుల దూరం కూడా ఉండదు కాబట్టి నాకు వేగం కంటే ముందు నిశ్శబ్దం కావాలి. రైజెన్ 9 5900ఎక్స్ ప్రాసెసర్ పెట్టెలో కూలర్ రాదు, ఏదో ఒకటి విడిగా కొనాల్సిందే. 240 మిల్లీమీటర్ల రేడియేటర్ (ద్రవం తెచ్చిన వేడిని ఫ్యాన్ల గాలికి వదిలే రేకుల పలక) ఉన్న లిక్విడ్ కూలర్‌ను 8,500 రూపాయలకు కొని, రేడియేటర్‌ను క్యాబినెట్ పైభాగాన బిగించుకున్నాను.

ఆ సంవత్సరం డిసెంబరు రాత్రులు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. గదిలో 24 డిగ్రీలు ఉండేది. పెద్ద పాఠం రెండర్ అవుతున్నంతసేపూ, అంటే కూర్చిన వీడియోను కంప్యూటర్ తుది ఫైలుగా తయారు చేస్తున్నంతసేపూ, ప్రాసెసర్ 66 డిగ్రీలు దాటేది కాదు, ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో వంగి చూస్తే తప్ప తెలిసేది కాదు. ఒక పాఠం రెండర్ అవుతుండగానే పక్కన కూర్చుని మరో పాఠం రికార్డు చేసుకునేవాణ్ణి. అంతకుముందున్న పాత కంప్యూటర్‌తో అది ఊహకైనా అందని సంగతి. మిత్రులకు నేను చెప్పిన మెప్పంతా ఆ డిసెంబరులో పుట్టిందే.

ఆ మెప్పులో కొంత తగ్గించుకోవలసి ఉన్నదని మరుసటి వేసవిలోనే తెలిసింది. ఒప్పుకోవడానికే నేను ఆలస్యం చేశాను. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి దాదాపు 4.2 కిలోజౌళ్ల శక్తి కావాలి, అంతే పరిమాణం గల గాలికి అందులో మూడున్నర వేల వంతుల్లో ఒక వంతు సరిపోతుంది. అందువల్ల పని మొదలైన తొలి పది పదిహేను నిమిషాలు గొట్టాల్లోని ద్రవం వేడిని తనలో నింపుకుంటూ పోతుంది, ఫ్యాన్లకు తొందర ఉండదు. ఐదు నిమిషాల పరీక్ష పెట్టి అంకెలు చూపించే వీడియోల్లో లిక్విడ్ కూలర్ అంత గొప్పగా కనిపించడానికి ఇదొక కారణం. రెండు గంటలు ఆపకుండా రెండర్ చేసే నాలాంటి వాడికి ఆ నింపుకోవడం పూర్తయ్యాక మిగిలేది ఒక్కటే లెక్క: రేడియేటర్ ఎంత వేడిని గదిలోకి వదలగలదు, ఆ గది అప్పటికే ఎంత వేడిగా ఉన్నది. ఏప్రిల్‌లో సాయంత్రం నాలుగింటికి నా గది 38 డిగ్రీలకు చేరుతుంది. డిసెంబరు కంటే గది 14 డిగ్రీలు పెరిగింది, ప్రాసెసర్ కూడా 66 నుంచి 81కి పెరిగింది.

నీళ్లంటే మనకు చల్లదనమే గుర్తొస్తుంది. నాకూ కొనేముందు మనసులో ఉన్నది ఆ బొమ్మే. కానీ మట్టికుండలో నీరు చల్లబడేది అది కుండ గోడల గుండా ఊరి, పైన ఆవిరైపోతూ తనతో వేడిని తీసుకుపోవడం వల్ల. కూలర్ గొట్టాల్లోని నీటికి ఆవిరయ్యే దారి లేదు. అది వేడిని ప్రాసెసర్ దగ్గర ఎత్తుకుని రేడియేటర్ దగ్గర దించే కూలీ మాత్రమే, గది గాలి కంటే ఒక్క డిగ్రీ కూడా కిందికి పోలేదు. ఈ తేడా ముందే తెలిసి ఉంటే నా 8,500 రూపాయలు మరో రకంగా ఖర్చయ్యేవేమో.

ఇక అసలు సంగతి. 2025 ఏప్రిల్ చివరలో ఒక పాఠం మొదటి అరనిమిషంలో గుడగుడమని చిన్న చప్పుడు వినిపించింది. మా మిద్దె మీది నీళ్ల ట్యాంకు సరిగ్గా నా గది పైనే ఉంటుంది కాబట్టి తప్పు దానిదే అనుకుని, వాల్వు కట్టేసి మళ్లీ రికార్డు చేశాను. మళ్లీ అదే చప్పుడు. చివరకు క్యాబినెట్‌కు చెవి ఆనించి వింటే, ఆన్ చేసిన ప్రతిసారీ పంపులోంచి బుడగలు పోతున్నట్టు తెలిసింది. మూసివున్న గొట్టాల్లోకి గాలి ఎలా వచ్చిందని ఆశ్చర్యపోయాను గాని, అందులో వింత లేదు. రబ్బరు గొట్టాల గోడల గుండా ఏళ్ల తరబడి నీరు కొద్దికొద్దిగా బయటికి పోతూనే ఉంటుంది, పోయినంత మేర లోపల గాలి చేరుతుంది. ఆ గాలి పంపులో ఇరుక్కోకూడదనే రేడియేటర్ పైభాగాన్ని పంపు కంటే ఎత్తులో ఉంచమంటారు. నేను అలాగే ఉంచాను. చప్పుడు అరనిమిషంలో ఆగిపోతున్నది కదా అని ఊరుకున్నాను.

మే రెండో వారంలో ఒక సాయంత్రం, 38 నిమిషాల్లో పూర్తి కావలసిన రెండర్ గంటా పది నిమిషాలు పట్టింది. చూస్తే ప్రాసెసర్ 90 డిగ్రీల దగ్గర నిలబడి, తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటున్నది. 5900ఎక్స్‌కు 90 డిగ్రీలే హద్దు. మా ఊళ్లో ఆ నెలల్లో ఇలాంటిది జరిగితే ఎవరైనా ముందుగా అనుమానించేది దుమ్మునే. క్యాబినెట్‌ను మిద్దె మీదికి మోసుకుపోయి బ్లోయర్‌తో ఊదితే రేడియేటర్ రేకుల మధ్య నుంచి ఎర్రటి దుమ్ము మేఘంలా లేచింది. రోగం దొరికిందనుకుని కుదుటపడ్డాను. తిరిగి బిగించి చూస్తే తగ్గింది మూడు డిగ్రీలే. మరుసటి రోజు పంపు డబ్బాను ఎత్తి, ప్రాసెసర్ నుంచి వేడి సాఫీగా అందడానికి మధ్యలో రాసే పాత థర్మల్ పేస్టు తుడిచి కొత్తది రాశాను. దానివల్ల ఏమీ మారలేదు.

నన్ను రెండు రోజులు తప్పుదారిలో తిప్పింది ఒక అంకె. పంపు నిమిషానికి 2,800 చుట్లు తిరుగుతున్నదని మదర్‌బోర్డు చూపుతూనే ఉన్నది. కొన్న రోజు ఎంత చూపిందో ఆ రోజూ అంతే చూపింది. ఆ అంకె పంపు చక్రం తిరుగుతున్నదని మాత్రమే చెబుతుంది, నీరు కదులుతున్నదని చెప్పదు. గొట్టాలను చేత్తో పట్టుకుని చూడాలన్న ఆలోచన మూడో రోజు గాని నాకు రాలేదు. రెండర్ నడుస్తుండగా పంపు దగ్గర చేయి పెడితే కాలుతున్నది. రేడియేటర్ మాత్రం గది వేడిని మించి ఏమీ లేదు, దాని మీది ఫ్యాన్ల నుంచి వస్తున్నది మామూలు గాలి. ప్రాసెసర్ వేడి అక్కడికి చేరుతుంటే ఆ గాలి వెచ్చగా తగలాలి. అంటే ప్రాసెసర్ దగ్గరి వేడి అక్కడే ఉండిపోతున్నది, నీరు నిలిచిపోయింది. ఈ కూలర్లలో ప్రాసెసర్‌ను తాకే పలక రాగిది, రేడియేటర్ అల్యూమినియంది. ఒకే ద్రవంలో ఈ రెండు లోహాలూ ఉంటే తుప్పు పట్టే గుణం ఉంటుంది కాబట్టి అది రాకుండా ద్రవంలో మందు కలుపుతారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ మందు బలం తగ్గి, పుట్టిన మడ్డి పోయి రాగి పలకలోని వెంట్రుకవాసి కాలువల్లో చేరి వాటిని పూడుస్తుంది. నాకు తోచిన కారణం ఇదే. విప్పి చూస్తే పది నిమిషాల్లో తేలిపోయేది, శుభ్రం చేస్తే మరో రెండేళ్లు వచ్చేదేమో కూడా. దుకాణంలోని కుర్రవాడు దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "అన్నా, ఇది విప్పేది కాదు, విప్పితే వారంటీ పోతాది, బెంగళూరుకు పంపాల్సిందే" అన్నాడు. అతని తప్పేమీ లేదు, ఉన్న మాటే చెప్పాడు.

ఐదేళ్ల వారంటీ ఉన్నది, కంపెనీ మాట నిలబెట్టుకున్నది, ఒక్క రూపాయి అడగకుండా కొత్తది పంపింది. అందుకు 26 రోజులు పట్టింది. కూలర్ లేని ప్రాసెసర్‌ను ఆన్ చేయడానికి కూడా వీలుండదు. పరీక్షలకు నెల ముందు, విద్యార్థులు రోజూ పాఠం కోసం ఎదురుచూసే రోజుల్లో, 26 రోజులు ఖాళీగా కూర్చోవడం నా వల్ల అయ్యే పని కాదు. పార్సెల్ బెంగళూరు బస్సెక్కిన మరుసటి రోజే ఆరు హీట్ పైపులు (వేడిని పైనున్న రేకులకు చేర్చే రాగి గొట్టాలు), రెండు ఫ్యాన్లు ఉన్న, పంపు లేని టవర్ కూలర్‌ను 3,600 రూపాయలకు తెచ్చి బిగించాను. క్యాబినెట్ పక్క పలకకూ దాని కొనకూ మధ్య వేలు దూరేంత సందు కూడా మిగలలేదు. కొనేముందు ఎత్తు కొలుచుకోవడం అవసరం.

గాలితో చల్లబరిచేది కదా, పది పన్నెండు డిగ్రీలైనా ఎక్కువ చూపుతుందనుకున్నాను. అదే పాఠాన్ని, గది 38 డిగ్రీలున్నప్పుడే రెండర్ చేస్తే 86 చూపింది. పంపు బాగున్న వేసవుల్లో అదే వేడిమిలో 81 ఉండేది. ఐదు డిగ్రీల తేడా. ఎందుకింత తక్కువని వెతుకుతూ పోయి నేను తెలుసుకున్న విషయం నాలుగేళ్ల కిందట ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది: ఆ రాగి హీట్ పైపుల లోపల ఉండేది కూడా నీరే. గొట్టంలోంచి గాలి తీసేసి, కొద్దిపాటి నీరు వదిలి మూసేస్తారు. ఒత్తిడి తక్కువ కాబట్టి ఆ నీరు నూరు డిగ్రీల దాకా ఆగకుండా, ప్రాసెసర్ సెగ తగలగానే ఆవిరై పైకి పోతుంది. పైనున్న రేకుల దగ్గర వేడిని వదిలి మళ్లీ నీరై, గొట్టం లోపలి పొరలోని సన్నటి రంధ్రాల వెంట, దీపం వత్తిలో నూనె పాకినట్టు, తిరిగి కిందికి చేరుతుంది. పంపు లేదు, రబ్బరు లేదు, అరిగే చక్రం లేదు. చెడిపోగలిగినవి ఫ్యాన్లే, అవి మా ఊళ్లోనే దొరుకుతాయి. రెట్టింపుకు మించిన ధర పెట్టి నేను కొన్న పంపు చేసే పనిని ఇక్కడ నీరే తనంతట తాను చేసుకుంటున్నది.

అయితే లిక్విడ్ కూలర్‌కు దక్కవలసిన మాట దానికి దక్కాలి. టవర్ కూలర్ ఫ్యాన్లు ప్రాసెసర్ మీద భారం పడిన ప్రతిసారీ ఒక్కసారిగా పెరుగుతాయి, వెంటనే తగ్గుతాయి. ఆ హెచ్చుతగ్గులే మైకులో వినపడతాయి. బయోస్‌లో (కంప్యూటర్ మూల సెట్టింగులు ఉండే చోట) ఫ్యాన్ వేగం నెమ్మదిగా మారేలా పెట్టుకున్నాక చాలావరకు పోయాయి గాని, మే మధ్యాహ్నాల్లో రెండర్ నడుస్తుండగా రికార్డు చేసే పాత సుఖం తిరిగి రాలేదు. ఇప్పుడు రికార్డింగు పగలు, రెండరింగు రాత్రి పది తర్వాత పెట్టుకుంటున్నాను. ఆ వెసులుబాటు లేనివారికి నా అనుభవం వర్తించకపోవచ్చు.

నాకు అన్నిటికంటే ఎక్కువ మేలు చేసినవి రెండూ కంప్యూటర్ కూలర్లు కానే కావు. మొదటిది, బయోస్‌లో ప్రాసెసర్ విద్యుత్తు హద్దును 142 వాట్ల నుంచి 88 వాట్లకు దించే ఎకో మోడ్. 38 నిమిషాల రెండర్ 43 నిమిషాలైంది, ఉష్ణోగ్రత మాత్రం 86 నుంచి 72కి పడిపోయింది. పైసా ఖర్చు లేదు. రెండవది, గడ్డి పలకల మీదుగా నీరు కారే మామూలు గది కూలర్. అందులో ఒక లీటరు నీరు ఆవిరైతే దాదాపు 2,400 కిలోజౌళ్ల వేడిని తీసుకుపోతుంది. 142 వాట్ల ప్రాసెసర్ అంత వేడిని పుట్టించాలంటే నాలుగున్నర గంటలకు పైగా పడుతుంది. అనంతపురం వేసవి గాలిలో తేమ బాగా తక్కువ కాబట్టి, కిటికీ తెరిచి ఉంచితే నా గది 38 నుంచి 31కి దిగుతుంది. గది దిగితే ప్రాసెసర్‌తో పాటు గ్రాఫిక్స్ కార్డూ దిగుతుంది, మనిషికీ ఊపిరాడుతుంది. ప్రాసెసర్‌కు పెట్టిన లిక్విడ్ కూలర్ గ్రాఫిక్స్ కార్డుకు చేసే సాయం ఏమీ ఉండదన్నది చాలామంది మరచిపోతారు. తడి గాలి తిన్నగా క్యాబినెట్ మీదికి రాకుండా మాత్రం చూసుకోవాలి.

గొట్టాలూ పంపూ విడివిడిగా కొని సొంతంగా అమర్చుకుంటే విప్పి కడుక్కోవచ్చు కదా అని మా చెల్లెలి కొడుకు అడిగాడు. నిజమే, పంపు మీద నా ఫిర్యాదుకు సరైన సమాధానం అదే. కానీ దానికయ్యే ఖర్చు నా కూలర్‌కు మూడు నాలుగు రెట్లు, ద్రవం ఎప్పటికప్పుడు మారుస్తూ ఉండాలి. మా బోరు నీళ్లు పోస్తే మాత్రం స్టీలు బిందెకు పట్టే తెల్లటి పొరే ఆ సన్నటి కాలువల్లోనూ పడుతుంది.

ఎవరైనా అడిగితే నేను ఇప్పుడు చెప్పేది ఇంత: రెండు వందల వాట్లు దాటే ప్రాసెసర్ ఉన్నవారికి, ఏసీ గదిలో పనిచేసేవారికి, సర్వీసు సెంటరు ఉన్న ఊళ్లో ఉండేవారికి లిక్విడ్ కూలర్ తగినదే కావచ్చు. మిద్దె కింది గది, 142 వాట్ల ప్రాసెసర్, ఒక్కరోజు ఆగినా పని పాడయ్యే నాలాంటి పరిస్థితిలో అయితే నేను మళ్లీ కొనను. నా మాట మీద కొన్న ఇద్దరిలో బెంగళూరులో ఉన్న మిత్రుడి కూలర్ ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తున్నది. కడపలో ఉన్న మిత్రుడిది నాదాని వయసుదే. నెలకోసారి రెండర్ పెట్టి, పంపు తిరిగే అంకె చూడకుండా రేడియేటర్ మీద చేయి పెట్టి చూడమని అతనికి చెప్పాను. వారంటీ కింద వచ్చిన కొత్త కూలర్‌ను పెట్టె విప్పకుండా అతని కోసమే ఉంచాను. మొన్న ఆదివారం ఫోన్ చేసి, గాలి ఇంకా వెచ్చగానే వస్తున్నదని చెప్పాడు.